జలగండం

ఫారమ్‌లో ఒక గడి:
మీ ఆరోగ్యం గురించి మేం తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?
ఉబ్బసం లేదు. మూర్ఛ లేదు.
గుండె బాగానే కొట్టుకుంటోంది, కాస్త ఎక్కువగానే.
జలగండం ఉంది అని రాయాలా?
దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో
బస్సు డిపోలో ఎవరినడగను?

పుట్టిన పదకొండో రోజున
సోమయాజులు గారు పెన్సిలుతో వేసిన మాట.
పెన్సిలు గీత ఎప్పుడో మాసిపోయింది,
మాట మాయలేదు.
కృష్ణా పుష్కరాల్లో ఊరంతా మునకలేస్తుంటే
నేను ఆఖరి మెట్టు మీద
మా అత్త కొంగు నడుముకు ముడేయించుకుని
మూడు చెంబులు నెత్తిన గుమ్మరించుకున్నాను.
అందరూ నోట్లకట్టలా తెచ్చుకున్న పుణ్యం
నాకు చిల్లరగా దొరికింది.

ఇప్పుడు నలభై ఏడు.
రెండంతస్తుల బస్సు, ఎనభై మంది జనం,
వైట్‌చాపెల్ రోడ్డు మీద
వేలెడు సందులోంచి తిప్పుతాను.
ఈ శనివారం షాడ్‌వెల్ బేసిన్‌లో
ఇరవై కిలోల ప్లాస్టిక్ పడవ
నా మాట వినడం లేదు.
ఎడమకి తోస్తే కుడికి,
కుడికి తోస్తే గోడకి.

వెట్‌సూట్ సంగతి చెప్పనే లేదు.
అది తొడుక్కోవడం కాదు,
ఒలిచిన చింతపండు మళ్ళీ తొక్కలోకి దూరడం.
గ్లెనిస్ వెనకనుంచి జిప్పు లాగుతూ
"ఊపిరి బిగబట్టు" అంది.
ఆమెకి అరవై ఎనిమిది. పోస్టాఫీసు మానేసి ఏడాదైనా
తెడ్డుని ఇంకా ఉత్తరాల సంచిలాగే మోస్తుంది.

ఇది ఓడల రేవట ఒకప్పుడు.
మచిలీపట్నం అద్దకం మూటలు ఇక్కడ దిగాయో లేదో
నాకు తెలీదు, దిగాయనుకుంటే బాగుంటుంది.
ఇవాళ ఒక హంస, రెండు బీరు డబ్బాలు,
నీళ్ళలో వణికే అపార్ట్‌మెంట్లు.

నేర్పే పిల్ల తహ్‌సీనా.
తాతది సిల్హెట్, తను పుట్టింది ఈ రేవు వెనక వీధిలో.
"ఆంటీ, మొదటి పాఠం నడపడం కాదు" అంటూ
ఒక ఇంగ్లీషు మాట చెప్పింది.
తిరగబడటం, అనుకున్నాను తెలుగులో.
బాగుంది. ఎప్పుడూ చెయ్యని పని.

"తలకిందులయ్యాక కంగారుపడొద్దు.
పడవ అడుగుని మూడుసార్లు తట్టు.
అప్పుడు పట్టీ లాగు.
ముందు తట్టు, తర్వాత లాగు."

ఒక పక్కకి ఒరిగాను.
హంస ఒరిగింది,
అపార్ట్‌మెంట్లు ఒరిగాయి,

చలి

చెవుల్లో దూది.
కళ్ళు తెరిస్తే పాకుడు పట్టిన సీసా రంగు.
ఇక్కడేనా,
ఇన్నేళ్ళూ ఇక్కడే కూర్చుని
నా దారి చూస్తోందా అది?

తట్టాను.
ఒకటి,
పక్కింటి తలుపు తట్టినట్టు, మొహమాటంగా.
రెండు,
బాకీ వసూలుకి వచ్చినట్టు.
మూడు.
ఎవరూ తియ్యలేదు.
లోపల ఎవరూ లేరు.
పట్టీ నేనే లాగాను.

గండం గడిచి పిండం బయటపడటమంటే
సామెత అనుకునేదాన్ని.
ముక్కు నిండా రేవు,
నోట్లో ఎవరిదో నవ్వు,
తహ్‌సీనా నా లైఫ్ జాకెట్ మెడ పట్టుకుని
పిల్లి తన పిల్లని మోసినట్టు ఈడ్చుకెళ్తోంది.
"మళ్ళీనా, ఆంటీ?"

మళ్ళీ.
మొత్తం నాలుగుసార్లు.
నాలుగోసారి తట్టడం మర్చిపోయి
చివాట్లు తిన్నాను.
గ్లెనిస్ ఫ్లాస్కులో టీ. పంచదార లేదు.
రెండు మూతలు తాగాను.

సోమవారం, తెల్లవారుజామున మొదటి బస్సు.
ఆల్డ్‌గేట్ స్టాపులో ఒకాయన
జేబులన్నీ తడుముతూ కార్డు వెతుక్కుంటున్నాడు.
అద్దం తుడుద్దామని ముందుకు వంగాను.
అడక్కుండా, చెప్పకుండా
ముక్కులోంచి చల్లటి నీళ్ళు
నాలుగు చుక్కలు స్టీరింగ్ మీద.

"జలుబా?" అన్నాడు పాపం.
కాదండీ,
శనివారం.
ఇంకా దిగుతోంది.